అమ్మానాన్న తైవాన్ వస్తున్నారు: మూడు వారాలు ఎలా గడపాలి?

గోదారిగట్టు (షిన్‌చూ), ఫిబ్రవరి 18

అందరికీ నమస్కారం. నాలుగేళ్లుగా షిన్‌చూలో ఉంటున్నాను. అమ్మానాన్న మొదటిసారి వస్తున్నారు, మార్చి 28 నుంచి మూడు వారాలు. రాజమండ్రి వదిలి కాశీ, తిరుపతి తప్ప ఎక్కడికీ వెళ్లినవాళ్లు కారు. అమ్మకి అరవై రెండేళ్లు, మోకాళ్ల నొప్పులున్నాయి. గుడ్డు కూడా ముట్టదు. నాన్న రిటైర్డ్ లెక్కల మాస్టారు. రోజూ ఐదు కిలోమీటర్లు నడుస్తారు, నలుగురితో మాట్లాడందే ఆయనకి పొద్దుపోదు.

నాకు వారం రోజులే సెలవు దొరికింది. మిగతా రెండు వారాలు పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం ఏడు దాకా ఇంట్లో వాళ్లిద్దరే. మాది పాత బిల్డింగు, మూడో అంతస్తు, లిఫ్టు లేదు, కాపలావాళ్లు లేరు. ఎదురింట్లో ఒక పెద్దావిడ ఒక్కరే ఉంటారు, నవ్వుతారు, అంతకు మించి మా మధ్య మాటల్లేవు.

అడగాల్సినవి చాలా ఉన్నాయి. తిండి ఎలా? ఏ ఊళ్లు తిప్పాలి? గుళ్లలో ఎలా నడుచుకోవాలి? ఇంకోటి, నాన్న మా మేనేజర్‌కి బహుమతిగా వెంకటేశ్వరస్వామి బొమ్మ ఉన్న గోడ గడియారం కొన్నారట. తీసుకురావచ్చా?

---

తైపే_తెలంగాణ (తైపే), ఫిబ్రవరి 18

ముందుగాల ఆ గడియారం సంగతి. తేవద్దని ఇయ్యాల్నే ఫోన్ చెయ్యి చెల్లె. ఇక్కడి భాషల గడియారం ఇచ్చుడు అన్న మాట, చావు దగ్గర కూసొని సాగనంపుడు అన్న మాట ఒక్క తీరుగనే వినిపిస్తయి, సుంగ్ జుంగ్ అని. మీ మేనేజర్ ఏమనడు, నవ్వుకుంట తీసుకుంటడు గని మనసుల కలుక్కుమంటది. గొడుగు, కత్తి గూడ ఇయ్యరు. కొండపల్లి బొమ్మనో ఏటికొప్పాక బొమ్మనో తెమ్మను, రెండు చేతులతోని ఇయ్యమను. నాలుగు వస్తువుల సెట్టు మాత్రం వద్దు. నాలుగు అన్న మాట చావు లెక్క వినిపిస్తది, కొన్ని దవాఖానలల్ల నాలుగో అంతస్తు నంబరే ఉండది.

రెండోది, నీ సెలవు వారం ఏప్రిల్ 4, 5 తారీఖుల మీద పడకుండ చూసుకో. ఛింగ్‌మింగ్, అంటే పెద్దల సమాధులు కడిగి పెట్టుకునే పండుగ. దేశమంత సొంతూళ్లకు పోతది, రైళ్లల్ల నిలవడ సందుండది.

తిప్పేటియి: తైపే 101, రాజప్రాసాద మ్యూజియం, జ్యూఫెన్, సన్ మూన్ లేక్, ఆలీషాన్, తైనాన్ పాత కోటలు, కావ్‌షుంగ్. హైస్పీడ్ రైలుంది గద, తైపే నుంచి కావ్‌షుంగ్ పక్కనున్న జ్వోయింగ్ దాక గంటన్నర. వారంల అయిపోతది.

---

మాజీ_షిన్‌చూ (హైదరాబాద్), ఫిబ్రవరి 19

అన్నా, ఆ లిస్టంతా మా అత్తమామలతో నేను తిరిగాను. ఐదో రోజుకి మామయ్యగారి కాళ్లు వాచాయి. ఆయన ఈరోజుకీ చెప్పుకునేది 101 గురించి కాదు, చెత్త బండి గురించి.

మాటవరసకి అనట్లేదు. షిన్‌చూలో నేనున్నది కూడా పాత బిల్డింగే. సాయంత్రం వీధి చివర పాట వినిపిస్తుంది, బీథోవెన్ ‘ఫ్యూర్ ఎలీజ్’. ఐస్‌క్రీమ్ బండేమో అనుకుంటాం మొదట్లో. పసుపు రంగు చెత్త బండి అది. చెత్త నేలను తాకకూడదు అన్నది వాళ్ల నియమం, అంటే వీధిలో కుండీలో పడేసి రావడం కుదరదు. బండి వచ్చేసరికి ఎవరి సంచి వాళ్లు పట్టుకుని నిలబడాలి. బండి ఆగేది రెండు మూడు నిమిషాలే. వెనకాలే ప్లాస్టిక్కు, సీసాలు, కాగితాలకి ఇంకో బండి. కూరగాయల తొక్కలకి ఒక డ్రమ్ము, వండిన అన్నం కూరలకి ఇంకోటి.

బండి రావడానికి పది నిమిషాల ముందే వీధంతా బయటికి వస్తుంది. ముసలివాళ్లు, స్లిప్పర్లలో పిల్లలు, ఆఫీసు నుంచి అప్పుడే వచ్చినవాళ్లు. మన ఊళ్లో మునిసిపాలిటీ కొళాయి దగ్గర సాయంత్రాలు గుర్తున్నాయా? అదే. ఆ పది నిమిషాల్లోనే మామయ్యగారికి వీధిలో అందరూ తెలిశారు. ఒక్క ముక్క భాష రాకుండా.

గోదారిగట్టు గారూ, మీరు సాయంత్రం ఏడు దాకా రారు కదా. చెత్త పని అమ్మానాన్నలకి అప్పగించండి. వాళ్లకి ఆ వీధిలో ఒక పని ఉండాలి.

---

తైపే_తెలంగాణ, ఫిబ్రవరి 19

నువ్వన్నది నిజమే తమ్మీ, ఒప్పుకుంటున్న. తైపేల ఇంకో ముచ్చట: ఇక్కడ చెత్తకు మామూలు సంచి నడవది. 2000 సంవత్సరం సంది ఊరు అమ్మే నీలి సంచే కొనాలె, సంచి ధరలనే చెత్త రుసుము కలిసి ఉంటది. ఎంత చెత్త పారేస్తె గంత ఖర్చు. వేరు చేసిన సీసాలు, కాగితాలకు పైసల్లేవు. అందుకే ఎవ్వరు చెప్పకుండనే మనిషి వేరు చేసుడు నేర్చుకుంటడు.

---

తైనాన్_విద్యార్థిని (తైనాన్), ఫిబ్రవరి 19

అక్కా, తిండి గురించి నేను చెప్తాను. ఐదేళ్లుగా శాకాహారంతోనే నెట్టుకొస్తున్నాను, ఇప్పుడు ఇబ్బందే లేదు.

గుర్తుపెట్టుకోవాల్సిన మాట ఒక్కటే, ‘సూ’. మన శాకాహారం కన్నా ఇది కఠినం. బౌద్ధ సంప్రదాయంలో మాంసం, చేపతో పాటు ఐదు ఘాటు దినుసులు కూడా పనికిరావు: ఉల్లి, వెల్లుల్లి, ఇంకా ఆ జాతివే మరో రెండు, ఐదోది మన ఇంగువ. పచారీ సరుకు ప్యాకెట్ మీద ఐదింటిలో ఏ రకమో రాయాలని ఇక్కడి రూలు: శుద్ధ సూ, గుడ్డు సూ, పాల సూ, గుడ్డూ పాలూ సూ, ఐదు ఘాట్ల సూ. అమ్మగారికి మొదటిదీ మూడోదీ కళ్లుమూసుకుని కొనొచ్చు. ఐదోదానిలో ఉల్లి, వెల్లుల్లితో పాటు గుడ్డు కూడా ఉండొచ్చు, చూసి కొనండి.

సూ హోటళ్ల బోర్డు మీద స్వస్తిక ఉంటుంది. మనదానికి అద్దంలో బింబంలా అటువైపు తిరిగి ఉంటుంది. లోపల ముప్ఫై నలభై గిన్నెల్లో కూరలు పరిచి ఉంటాయి, అట్టపెట్టెలో మనకి కావలసినవి పెట్టుకుంటే తూకం వేసి డబ్బు తీసుకుంటారు. కాకర, వంకాయ, గుమ్మడి, తోటకూర లాంటి ఆకుకూరలు అన్నీ ఉంటాయి. అమ్మగారికి ముందే చెప్పండి: అక్కడ అచ్చం కోడి ముక్కలా, చేప ముక్కలా కనిపించేవి ఉంటాయి. సోయాతో చేసినవే, కానీ చూడగానే మా పిన్నికి కడుపులో తిప్పింది. వాటికి దూరంగా ఆకుకూరల వైపు నిలబెట్టండి.

మామూలు హోటల్లో మాత్రం నమ్మకండి. గ్వోబ్యెన్ సూ అని ఒక మాట ఉంది, అంటే కుండ అంచు శాకాహారం. మాంసంతో వండిన కూరలోంచి కూరముక్కలు ఏరుకుని తినడం అన్నమాట. కొందరికి అదీ శాకాహారమే. వచ్చిన కొత్తలో ఒక నూడుల్స్ కొట్లో సూ అని చెప్పాను. ఆయన మాంసం ముక్కలు తీసేసి అదే పులుసు పోసి ఇచ్చాడు. సగం తాగాక తెలిసింది. ఆయన మోసం చెయ్యలేదు, ఆయన లెక్కలో అది సరిపోయింది. నేనే ఆ రాత్రంతా ఏడుస్తూ కూర్చున్నాను.

పగలు వాళ్లిద్దరే ఉన్నప్పుడు ఆకలేస్తే వీధి మొదట్లో సెవెన్ ఎలెవనో ఫ్యామిలీమార్టో ఉంటుంది. కాల్చిన చిలగడదుంపలు వేడివేడిగా పెట్టె మీద ఉంటాయి, తూకానికి ఇస్తారు. తేనెలా కారుతుంటాయి. లోపలికి వెళ్లగానే ఒక మసాలా వాసన కొడుతుంది, అది టీ నీళ్లలో ఉడికే గుడ్లది. అమ్మగారు ముక్కు మూసుకుని చిలగడదుంప తీసుకుని వచ్చెయ్యాలి.

---

మాచర్ల_మాస్టారు (మాచర్ల), ఫిబ్రవరి 20

పై అమ్మాయి ఇంగువ మాట ఎత్తింది కాబట్టి ఒక ముక్క. చీనా భాషలో ఇంగువని శింగ్‌ఛూ అంటారు. సంస్కృతంలో హింగు. మన దేశం నుంచి వెళ్లిన బౌద్ధ గ్రంథాలతో పాటు వెళ్లిన మాట అది. వస్తువు అక్కడ వంటింట్లోకి చేరలేదు, నిషేధం మాత్రం మిగిలింది.

మా అబ్బాయి కావ్‌షుంగ్‌లో ఉంటాడు. నేనూ మా ఇంటావిడా రెండుసార్లు వెళ్లి వచ్చాం. పిల్లలు అనుకుంటారు, అమ్మానాన్నలకి చూడ్డానికి చోట్లు కావాలని. మొదటి వారం తర్వాత మాకు కావలసింది రోజూ వెళ్లే చోటు. అబ్బాయి ఇంటి పక్క పార్కులో పొద్దున ఆరింటికి ముసలివాళ్లు చేతులు చాచి కసరత్తు చేసేవారు. మూడో రోజు నేనూ వెనక వరసలో నిలబడ్డాను. ఎవరూ ఎవరు నువ్వని అడగలేదు. నాలుగో రోజు ఒకాయన నా భుజం పట్టుకుని సరిచేశాడు. మీ నాన్నగారికి ఆ పార్కు చూపించమ్మా.

కావ్‌షుంగ్ వైపు వస్తే ఫో గ్వాంగ్ షాన్ బుద్ధ మ్యూజియం చూపించు. 2011లో తెరిచారు. బుద్ధ విగ్రహం ఆసనంతో కలిపి 108 మీటర్లు. ఆవరణలో అమ్మే తిండి అంతా శాకాహారమే, కాబట్టి మీ అమ్మగారు ఏ కొట్టు ముందైనా ధైర్యంగా నిలబడొచ్చు. అక్కడ ఒక భిక్షుణి మాది ఏ ఊరని అడిగింది. నాగార్జునకొండ పక్కనే అని మా అబ్బాయి చెప్పగానే ఆవిడ చేతులు జోడించింది. వాళ్లు ఆచార్య నాగార్జునుణ్ణి లుంగ్‌షూ అంటారు. లుంగ్ అంటే నాగం, షూ అంటే చెట్టు. అర్జున అంటే మనకి తెల్లమద్ది కదా, దాన్నే చెట్టు అని అనువదించుకున్నారు. ముప్ఫై ఏళ్లు ఆ కొండకి పిల్లల్ని విహారయాత్రకి తీసుకెళ్లినవాణ్ణి. ఆ పేరు సముద్రాలవతల ఒకరి నోట భక్తిగా వినడం నాకు మాటల్లో చెప్పగలిగింది కాదు.

---

గోదారిగట్టు, ఫిబ్రవరి 20

మాస్టారూ, నమస్కారం. మీ పోస్టు నాన్నకి చదివి వినిపించాను. పార్కు దగ్గర రెండోసారి చదవమన్నారు.

ఒక సందేహం. అమ్మ పులిహోర చేసి ఎదురింటావిడకి ఇస్తానంటోంది. ఆవిడ సూ అవునో కాదో తెలియదు. తలుపు మీద ఎర్ర కాగితం, లోపల గ్వాన్‌యిన్ అనే బౌద్ధ దేవత పటం కనిపిస్తాయి.

---

తైనాన్_విద్యార్థిని, ఫిబ్రవరి 20

అయితే ఇంగువ లేకుండా చెయ్యమనండి అక్కా. సూ కాకపోయినా నష్టం లేదు, సూ అయితే ఆవిడకి నిజంగా తినడానికి వీలవుతుంది.

---

కడప_కారం (షిన్‌చూ), ఫిబ్రవరి 21

అక్కా, మీ ఊర్లోనే ఉండా. ఫ్యాబ్‌లో, అంటే చిప్పులు చేసే ఫ్యాక్టరీలో, మిషన్ల మెయింటెనెన్స్ నాది.

భూకంపం సంగతి పెద్దోళ్లకి ముందే చెప్పి పెట్టండి. చిన్నచిన్నవి చానా వస్తాయి ఇక్కడ, వాటికి ఎవురూ తల కూడా ఎత్తరు. పెద్దదైతే ఫోన్లన్నీ ఒక్కసారి సైరన్ మాదిరి కూస్తాయి. 2024 ఏప్రిల్ 3న పొద్దున 7:58కి వచ్చింది హ్వాలియెన్ వైపు, 7.2 తీవ్రత. నేను బాత్రూములో ఉండా. మెట్లమీద పరిగెత్తద్దు, బల్ల కిందికి దూరి దాని కాలు పట్టుకోవాల, అంతే. మా బిల్డింగ్ పెద్దాయన చెప్తాడు, 1999 సెప్టెంబర్ 21 రాత్రి వచ్చిన దాంట్లో రెండు వేల నాలుగొందల మందికి పైగా పోయినారు, ఆ తర్వాతే కట్టడాల రూల్సు గట్టిగా బిగించినారని. అప్పటికంటే ఇప్పుడు చానా నయం. హ్వాలియెన్ దగ్గరి తరోకో లోయ దారులు 2024లో బాగా దెబ్బతిన్యాయి, పోవాలనుకుంటే ముందు కనుక్కోండి.

మెట్రోలో నీళ్లు కూడా తాగగూడదు. చూయింగ్ గమ్మూ అంతే. జరిమానా 1500 నుంచి 7500 తైవాన్ డాలర్లు. గేటుకి ముందర నేల మీద పసుపు గీత ఉంటుంది, అక్కణ్ణుంచి రూలు మొదలు. అమ్మ మాత్రలు ఏసుకునేది ఉంటే ఆ గీతకి ఇవతలే. మామూలు రైల్లో, హైస్పీడ్‌లో మాత్రం శుభ్రంగా పెట్టె విప్పుకోని తినొచ్చు.

ఇంకొకటి, హైస్పీడ్ షిన్‌చూ స్టేషన్ ఊర్లో లేదు, జూబెయ్‌లో ఉంది. ఊర్లోది 1913లో కట్టిన పాత స్టేషను. రెండూ ఒకటే అనుకోని చానామంది రైలు పోగొట్టుకుంటారు.

మీ నాన్నకి నచ్చేది ఒకటి చెప్తా. మా మిషన్ మీద ఎప్పుడూ క్వాయ్ క్వాయ్ అని చిరుతిండి ప్యాకెట్ ఒకటి పెట్టుంటుంది. ఆ పేరుకి అర్థం బుద్ధిగా ఉండు అని. పచ్చ ప్యాకెట్టే పెట్టాల, పచ్చ లైటు ఎలిగితే మిషన్ నడుస్తాండాదని కదా. గడువు తేదీ దాటగూడదు, దాటితే పని చెయ్యదంట. దాన్ని ఎవురూ తినరు. మా సీనియర్ తారీఖు చూసి కొత్తది మారుస్తాడు, మారుస్తా రెండు చేతుల్తో నిమ్మళంగా పెడతాడు. మొదటిసారి చూసినప్పుడు నాకు ఆయుధ పూజ దినం మా నాయన లారీకి నిమ్మకాయలు కట్టేది కండ్ల ముందరికి వచ్చింది. ఆ పొద్దు నుంచి ఆ మిషన్ నాకూ సొంతమైంది.

---

తైపే_తెలంగాణ, ఫిబ్రవరి 22

గుళ్ల సంగతి ఎవ్వరు చెప్పలే. నేను చెప్త.

గుడికి ఎదురుంగ నిలబడితె కుడి దిక్కు తలుపుల నుంచి లోపలికి, ఎడమ దిక్కు నుంచి బయటికి. కుడిది డ్రాగన్ ద్వారం, ఎడమది పులి ద్వారం. నడిమి తలుపు దేవునిది. గడప తొక్కద్దు, దాటాలె. ఇది అమ్మకు చెప్పే పని లేదు, మన ఇండ్లల్ల ఉన్నదే. తైపేల 1738ల కట్టిన లుంగ్‌షాన్ గుడి చూపియ్యి, అసలు దేవత గ్వాన్‌యిన్, అంటే మన అవలోకితేశ్వరుడే, అక్కడికి పోయినంక అమ్మవారయింది. శింగ్‌త్యెన్ గుడిల 2014 సంది అగరొత్తులు ఆపిండ్రు, చేతులు జోడిస్తె చాలు.

నెలవంక లెక్క ఎర్ర చెక్కలు రెండుంటయి, ఒక దిక్కు చదును, ఒక దిక్కు గుండ్రం. నీ పేరు, ఉండే చోటు, పుట్టిన తారీఖు దేవునికి చెప్పుకొని, అవును కాదు అని జవాబొచ్చే ప్రశ్న ఒక్కటే అడిగి కింద వెయ్యాలె. ఒకటి చదును, ఒకటి గుండ్రం పడితె ఒప్పుకున్నట్టు. రెండు చదునులు పైకుంటె దేవుడు నవ్వుతున్నడు, నీ ప్రశ్న సక్కగ లేదు. రెండు గుండ్రాలు పైకుంటె కాదని.

ఇగ అసలు మాట. ఏప్రిల్ల మాజు తల్లి యాత్ర పడొచ్చు, చాంద్రమానం మూడో నెలల. మాజు అంటె సముద్రం తల్లి, 960ల చీనా దేశం ఫూజ్యెన్ తీరాన పుట్టిన పిల్ల, చేపలు పట్టేటోళ్లను కాపాడుతదని నమ్మకం. దాజ్యా గుడి నుంచి పల్లకి ఎల్లి తొమ్మిది దినాలల్ల మూడు వందల కిలోమీటర్లకు పైన నడుస్తది. బైషాతున్ గుడి పల్లకి ఇంకా వేరే. బేగాంగ్ దాక పోతది గని దారి ముందుగాల ఎవ్వరికి తెల్వది, పల్లకి ఏ దిక్కు ఒరిగితె ఆ దిక్కే. ఫోన్ల ఆప్ పెట్టి చూస్కుంట పోతరు. నేను రెండుసార్లు నడిచిన. ప్రతి ఊర్లె ఇంటి ముందట బల్ల వేసి అన్నం, నీళ్లు, పండ్లు, కాళ్ల నొప్పుల మందు గూడ పెడ్తరు, పైసా తీసుకోరు. మేడారం తొవ్వల, శ్రీశైలం పాదయాత్ర తొవ్వల చూసినం గద, గదే.

---

మాజీ_షిన్‌చూ, ఫిబ్రవరి 22

అన్నా, మోకాళ్ల నొప్పులున్నావిడని ఆ జనంలోకి పంపుతావా? తోపులాట ఉంటుంది, టపాకాయల పొగ ఉంటుంది.

---

తైపే_తెలంగాణ, ఫిబ్రవరి 22

నడవమంటలేను. ఒక్క ఊర్లె రోడ్డు పక్క కుర్చీ ఏసుకొని కూసోమంటున్న. పల్లకియే వాళ్ల దగ్గరికి వస్తది. అక్కడ ముసలోళ్లందరు గట్లనే కూసుంటరు.

---

గోదారిగట్టు, ఏప్రిల్ 19

నిన్న రాత్రి వాళ్లని విమానం ఎక్కించి వచ్చాను. ఇల్లు బోసిగా ఉంది. ఇక్కడ చెప్పినవాళ్లందరికీ చెప్పాలి కదా, అందుకే కూర్చున్నాను.

గడియారం రాజమండ్రిలోనే ఉండిపోయింది. కొండపల్లి ఎడ్లబండి ఇచ్చాం. మేనేజర్ దాన్ని తన మానిటర్ పక్కన పెట్టుకున్నారు.

మొదటి మూడు రోజులు అమ్మ కిటికీ దగ్గరే కూర్చుంది. బయటికి వెళ్దామంటే మెట్లంది. నాలుగో రోజు చెత్త పని అప్పగించాను. నాన్న సీసాలు, అమ్మ తొక్కల డబ్బా. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి వీధి మలుపులో కనిపించింది దృశ్యం: అమ్మ చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని, చేతిలో డబ్బాతో, ఎదురింటావిడ పక్కన నిలబడి ఉంది. ఒక చిన్నపిల్ల ‘అమా, అమా’ అంటూ పరిగెత్తుకొచ్చింది. అమ్మ చటుక్కున వెనక్కి తిరిగి చెయ్యి చాచింది. తైవానీలో అమా అంటే అమ్మమ్మ. ఆ పిల్ల పిలిచింది ఎదురింటావిడని. వారాంతంలో వచ్చిన మనవరాలట. ఇద్దరూ ఒకేసారి తిరిగారు, ఆ పిల్ల మధ్యలో ఆగిపోయింది. వీధంతా నవ్వారు. ఆ రోజు నుంచి అమ్మకి మెట్లు అడ్డం రాలేదు.

మర్నాడే పులిహోర, ఇంగువ లేకుండా. పోపులో చెయ్యి అలవాటుగా ఇంగువ డబ్బా మీదికి వెళ్లి ఆగడం నేను చూశాను. ఆవిడ నిజంగానే సూ. డబ్బా తీసుకుని ఒక్కటే మాట అడిగింది, ఫోన్‌లో అనువాదం పెట్టి: ఐదు ఘాట్లు ఉన్నాయా? అమ్మ చెయ్యి అడ్డంగా ఊపింది. ఆవిడ అక్కడే గడపలో నిలబడి వేలితో రెండు మెతుకులు నోట్లో వేసుకుంది. రెండు రోజుల తర్వాత డబ్బా తిరిగొచ్చింది, కడిగి, తుడిచి, లోపల రెండు సీతాఫలాలతో. ఖాళీ గిన్నె తిరిగి ఇవ్వకూడదని అమ్మ అంటూ ఉంటుంది కదా, ఆవిడకెవరు చెప్పారే అని అడిగింది నన్ను.

ఆ పండుని ఇక్కడ షిజ్యా అంటారు, అంటే శాక్య, బుద్ధుడి తల మీద జుట్టు ముడుల్లా ఉంటుందని. తైతుంగ్ నుంచి వస్తాయి, మన వాటికి రెండింతలు. మనకి సీతమ్మవారి పేరు, వాళ్లకి శాక్యముని పేరు. అమ్మ గింజలు కాగితంలో చుట్టి దాచుకుంది, విమానంలో తీసుకెళ్లకూడదని చెప్పి ఇక్కడే ఉంచేశాను.

నాన్న సంగతి వేరు. మాస్టారు చెప్పిన పార్కుకి రోజూ వెళ్లారు. కానీ ఆయన్ని పట్టుకున్నది రసీదులు. ఇక్కడ కొట్లో ఇచ్చే రసీదు మీద ఎనిమిది అంకెల నంబరుంటుందనీ, బేసి నెలల్లో 25న లాటరీ తీస్తారనీ, పెద్ద బహుమతి కోటి తైవాన్ డాలర్లనీ చెప్పాను. అమ్మకం పన్ను ఎగ్గొట్టకుండా 1951లో పెట్టిన పద్ధతి. కొన్నవాళ్లే రసీదు అడిగి తీసుకుంటారు కాబట్టి కొట్టువాడు లెక్క దాచలేడు. నాన్న కాసేపు మాట్లాడలేదు. తర్వాత, ‘ఇది కనిపెట్టినవాడు లెక్కల మాస్టారై ఉంటాడే’ అన్నారు. బిస్కట్ డబ్బాలో రసీదులన్నీ చివరి మూడంకెల వరసలో సర్ది పెట్టి వెళ్లారు. అరవై మూడు.

మాజు పల్లకి చూశాం. అన్నా, మీ మాటే విన్నాను. చాంగ్‌హ్వా దాకా రైల్లో వెళ్లి, ఆప్‌లో చూసుకుంటూ టాక్సీలో ఒక పల్లెకి చేరుకున్నాం. ఒక ఇంటివాళ్లు అడక్కుండానే ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి అమ్మకి వేశారు. చేతిలో వేడి బన్ను పెట్టారు. అమ్మ నా వైపు చూసింది, ‘సూ’ అంది ఆ ఇంటావిడే, తనకి తానే. పల్లకి వచ్చే ముందు జనం రోడ్డు మీద వరసగా బోర్లా వంగి పడుకున్నారు, పల్లకి వాళ్ల మీదుగా వెళ్లడం కోసం. అమ్మ పడుకోలేదు. కుర్చీలోంచి లేచి, కొంగు భుజం చుట్టూ కప్పుకుని నిలబడింది. మోసేవాళ్ల చొక్కాలు చెమటకి తడిసి ముద్దయ్యాయి. పల్లకి మా ముందు వెళ్లినంతసేపూ అమ్మ పెదాలు కదులుతూనే ఉన్నాయి. ఏమని దణ్ణం పెట్టుకున్నావని అడిగాను. ‘పిల్ల నీ ఊళ్లో ఉంది, చూసుకో తల్లీ అన్నాను’ అంది.

తైపే 101 చూడలేదు. అలీషాన్ చూడలేదు. నాకేం లోటనిపించలేదు.

---

మాచర్ల_మాస్టారు, ఏప్రిల్ 19

చదివాను తల్లీ. మా ఇంటావిడకి కూడా చదివాను.

---

కడప_కారం, ఏప్రిల్ 20

అక్కా, ఈసారి వచ్చినప్పుడు చెప్పండి. ఇంగువ లేని పులిహోర నాకూ ఒక డబ్బా.

---

తూర్పుగాలి (విశాఖపట్నం), మే 12

ఈ చర్చ ఇప్పుడే చూశాను. మేం జులైలో వెళ్తున్నాం. తుపాన్లంటున్నారు, వెళ్లొచ్చా?

---

తైపే_తెలంగాణ, మే 12

పోవచ్చు. తుపాను దగ్గరికొస్తె ముందటి రాత్రే ఏ జిల్లాల ఆఫీసులు, బడులు బందో ప్రకటిస్తరు. గట్ల ప్రకటించిన నాడు కొండల దిక్కు, సముద్రం దిక్కు పోవద్దు, ఇంట్లనే ఉండాలె. జులైల పోతె మామిడిపండ్లు కాలం, తైనాన్ దగ్గర యూజింగ్‌వి ఎర్రగ ఉంటయి. మన బంగినపల్లి లెక్క ఉండయి గని మంచు తురుము మీద వేసిస్తె మస్తుంటది.

---

గోదారిగట్టు, మే 25

ఈరోజు రసీదుల లాటరీ, మార్చి ఏప్రిల్ నెలలది. నంబర్లు రాగానే నాన్న వీడియో కాల్ చేశారు. ఆయన కాగితం మీద ముందే పట్టిక గీసుకుని కూర్చున్నారు. నేను గెలిచిన నంబర్లు చదువుతుంటే ఆయన అక్కడ వెతికి, ఇక్కడ డబ్బాలో ఎన్నో రసీదో చెప్పారు. ముప్ఫై ఎనిమిదోది. చివరి మూడంకెలు కలిశాయి, రెండు వందల డాలర్లు. తీసి చూస్తే మా వీధి మొదట్లో చిలగడదుంపలు కొన్నది.

ఇంతలో బండి పాట వినిపించింది. ఫోన్ చేత్తో పట్టుకునే సంచి తీసుకుని దిగాను. పాట వినగానే వంటింట్లోంచి అమ్మ వచ్చి నాన్న చేతిలోంచి ఫోన్ లాక్కుంది. ఎదురింటి అమా అప్పటికే కింద ఉంది. నా ఫోన్‌లో అమ్మని చూసి తన డబ్బా కింద పెట్టి, రెండు చేతులూ తుడుచుకుని ఫోన్ అందుకుంది.

‘చ్యా పా బ్వే?’ అని అడిగింది. తిన్నావా అని. ఇక్కడ పెద్దవాళ్ల పలకరింపు అది.

అమ్మ రాజమండ్రి నుంచి, ‘తిన్నానమ్మా, నువ్వు తిన్నావా?’ అంది.